సంధానకల్పమున ద్రవ్యగణనము – కౌటిల్య శార్ఙ్గధర మతముల పరిశీలనము

సుర, ఆసవము, అరిష్టము, శుక్తము మున్నగునవి సంధానమువలన సిద్ధించు పదార్థములు. వీని గుణదోషములను గూర్చి వైద్యగ్రంథములయందును, ధర్మశాస్త్రములయందును విస్తారమైన చర్చ కలదు. కాని ఒక కడవ సంధానము చేయుటకు ఏ ద్రవ్యము ఎంత కావలెను, దానిని ఏ ఋతువున సేకరింపవలెను, ఎంతకాలము నిలువ చేయవచ్చును, ఉన్న నిలువతో ఎన్ని కడవలు సాగును అను విషయములపై పండితులదృష్టి అంతగా ప్రసరింపలేదు. ఇది భాండాగారికుని పనియే గాని శాస్త్రవిషయము కాదని కొందఱు తలంచుట కలదు. ఆ తలంపు సరికాదు. మానపరిభాషను తప్పుగా గ్రహించినచో అరిష్టము శుక్తమగును. ఔషధము కావలసినది పులిసిన నీరగును. కావున గణనము సంధానశాస్త్రమునకు బాహ్యము కాదు, అంగమే.

కౌటిలీయ సురాధ్యక్షప్రకరణము

మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు చేరిన తాళపత్రప్రతి ననుసరించి ఆర్. శామశాస్త్రి గారు 1909లో అర్థశాస్త్రమూలమును ప్రకటించిరి. వారి ఆంగ్లానువాదము 1915లో గ్రంథరూపమున వెలువడెను. అప్పటినుండి రాజనీతిపరులు ఆ గ్రంథమును చదువుచునే యున్నారు. కాని ద్వితీయాధికరణమునందలి యిరువది యైదవ అధ్యాయమైన సురాధ్యక్షప్రకరణము పాకశాస్త్రదృష్టితోను, గణితదృష్టితోను చదువదగినది.

కౌటిల్యుడు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు భేదములను చెప్పెను. మేదకమునకు జలము ఒక ద్రోణము, తండులము అర్ధాఢకము, కిణ్వము మూడు ప్రస్థములు. నాలుగు ప్రస్థములు ఆఢకము, నాలుగు ఆఢకములు ద్రోణము గనుక దీనిని ప్రస్థములలోనికి మార్చినచో జలము 16, తండులము 2, కిణ్వము 3 అగును. ప్రసన్నకు పిష్టము పండ్రెండు ఆఢకములు, అనగా 48 ప్రస్థములు. కిణ్వము 5 ప్రస్థములు. లేదా క్రముకత్వక్ఫలములతో కూడిన జాతిసంభారము. ఆసవమునకు కపిత్థము, అనగా వెలగపండు, ఒక తుల. ఫాణితము ఐదు తులలు. తేనె ఒక ప్రస్థము. దీనిలో నాలుగవవంతు హెచ్చించిన జ్యేష్ఠము, నాలుగవవంతు తగ్గించిన కనిష్ఠము. అరిష్టములను మాత్రము ఆయా వ్యాధులకు వైద్యులు చెప్పిన పాళ్ళనే గ్రహింపవలెనని వైద్యశాస్త్రమునకే విడిచెను.

ఇందు కిణ్వము సంధానమునకు బీజము. నేటి పరిభాషలో చెప్పినచో పులియబెట్టు సూక్ష్మజీవులకు అది ఆశ్రయము. మాషకల్కము, అనగా రుబ్బిన మినుము, పచ్చిదిగాని ఉడికినదిగాని ఒక ద్రోణము తీసికొని, దానికి త్రిభాగాధికముగా తండులము చేర్చి, మోరటాదులను కర్షప్రమాణమున కలుపుట కిణ్వవిధి. ఇచట ‘త్రిభాగాధికము’ అను పదమును రెండు విధముల గ్రహింపవచ్చును. మాషములో మూడవవంతు తండులము చేర్చవలెనని ఒక అర్థము. మాషముకంటె మూడవవంతు ఎక్కువ తండులము చేర్చవలెనని రెండవది. పాకము చేయువానికి ఈ భేదము సామాన్యమైనది కాదు. మొదటి యర్థమున 16 ప్రస్థముల మాషమునకు 5 1/3 ప్రస్థముల తండులము చేరి మొత్తము 21 1/3 ప్రస్థములగును. మేదకమునకు మూడేసి ప్రస్థముల చొప్పున ఏడు కడవలకు సరిపోయి స్వల్పము మిగులును. రెండవ యర్థమున తండులమే 21 1/3 ప్రస్థములు కాగా మొత్తము 37 1/3 ప్రస్థములై, పండ్రెండు కడవలకు సాగి 1 1/3 ప్రస్థము మిగులును. కలుపునపుడు పరిమాణమున వచ్చు స్వల్పమైన తగ్గుదలను ఇచట లెక్కింపలేదు. ఒక్క సమాసవిగ్రహముపై ఏడు కడవలా, పండ్రెండు కడవలా అను నిర్ణయము ఆధారపడి యున్నది. వ్యాకరణము కొట్టుగదిలోనికి ప్రవేశించు చోటు ఇదియే.

ఇదే ప్రకరణమున మఱియొక విశేషము కలదు. సురానిర్మాణము సామాన్యముగా రాజాధీనమే అయినను, కుటుంబులు శుభకార్యములందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును స్వయముగా చేసికొనుటకు కౌటిల్యుడు అనుమతించెను. ఉత్సవ సమాజ యాత్రలయందు నాలుగు దినముల అవకాశమిచ్చెను. అనుమతి లేక చేసినవారినుండి ఉత్సవాంతమువఱకు దినదినమును దండము గొనవలెనని విధించెను. కిణ్వద్రవ్యములను ఏరి శుభ్రపఱచు పని స్త్రీలును, బాలురును చేయవలెనని చెప్పెను. దీనినిబట్టి గృహములందు పరిమితముగా జరుగు సంధానమునకు ప్రాచీనకాలమున ప్రత్యేకమైన వ్యవస్థ యుండెనని స్పష్టము. నేడు ఆంధ్రప్రదేశమున 1968 నాటి ఎక్సైజు చట్టము ననుసరించి అనుమతి లేక మద్యము చేయుట నేరము. ఆసవారిష్టములను విక్రయార్థము చేయువారు 1940 నాటి ఔషధ సౌందర్యద్రవ్య చట్టము క్రింద అనుమతి పొందవలెను. కావున ఈ వ్యాసమున చెప్పబడు గణనము వైద్యశాలల సంధానమునకును, శాస్త్రాధ్యయనమునకును సంబంధించినదే గాని మద్యపానప్రోత్సాహకము కాదు.

శార్ఙ్గధరుని సామాన్యసూత్రము

చరకుడు సూత్రస్థానమున ధాన్య ఫల మూల సార పుష్ప కాండ పత్ర త్వక్ శర్కరలను తొమ్మిది ఆసవయోనులుగా పేర్కొని, క్రమముగా 6, 26, 11, 20, 10, 4, 2, 4, 1 చొప్పున మొత్తము 84 ఆసవములను గణించెను. ఇది ద్రవ్యములజాబితా, పాళ్ళ నిర్ణయము కాదు. పాళ్ళను సామాన్యసూత్రముగా కూర్చినవాడు శార్ఙ్గధరుడు. క్రీ.శ. 13–14 శతాబ్దుల నాటిదిగా భావింపబడు శార్ఙ్గధరసంహితయందు మధ్యమఖండము పదియవ అధ్యాయము సంధానకల్పమునకే కేటాయింపబడినది. పరిమాణము చెప్పని అరిష్టములందు ద్రవము ద్రోణము, గుడము తుల, తేనె గుడములో సగము, ప్రక్షేపము పదియవవంతు అని అతని నియమము. అపక్వౌషధజలములతో చేసినది ఆసవము, క్వాథముతో చేసినది అరిష్టము అని భేదమును చెప్పెను. తాళఖర్జూరరసములతో సంధానము చేసినది వారుణి అనియు పేర్కొనెను.

ఈ వారుణి గోదావరీమండలమున అందఱెఱిగినదే. దెందులూరు మొదలు తాడేపల్లిగూడెమువఱకు చేలగట్లపై నిలిచిన తాటిచెట్ల రసము కుండలో చేరిన కొలది గంటలలోనే పులియుట మొదలై కల్లగును. కుండ లోపల సున్నము పూసినచో పులియుట ఆగి తీపిరసము నిలుచును. దానినుండి తాటిబెల్లము వండుదురు. ఒకే చెట్టు, ఒకే రసము. పాత్రసంస్కారముచేత ఒకటి సురావర్గమునను, మఱియొకటి గుడవర్గమునను చేరుచున్నది. సంధానమున పాత్రయు ఒక ద్రవ్యమే యనుటకు ఇంతకంటె దృష్టాంతము అక్కఱలేదు.

మానసంకటము

శార్ఙ్గధరసూత్రము పైకి సులభముగా కన్పట్టును. కాని ద్రోణము కొలతమానము, తుల తూకపుమానము. మేదకవిధియందు అన్నియు ద్రోణవర్గపు కొలతలే గనుక కడవ పెద్దదైనను, చిన్నదైనను నిష్పత్తి చెడదు. కొలతయు, తూకమును కలిసినచోట మానమును తప్పుగా గ్రహించిన నిష్పత్తియే మారిపోవును. ఇట్టి సంకటములు మూడు కలవు.

మొదటిది ద్రోణభేదము. కౌటిల్యుని ఆయమానద్రోణము మాషధాన్యముతో 200 పలములు; వ్యావహారికద్రోణము 187 1/2; భాజనీయము 175; అంతఃపురభాజనీయము 162 1/2. వైద్యశాస్త్రపు ద్రోణము 256 పలములు. శార్ఙ్గధరుడు కాళింగ మాగధ మానములను రెంటిని పేర్కొని మాగధమే శ్రేష్ఠమని చెప్పెను. కళింగమునకు పొరుగైన ఆంధ్రదేశమున ఆ గ్రంథమును పఠించువారు ఈ హెచ్చరికను ప్రత్యేకముగా గమనింపవలెను.

రెండవది పలభేదము. తెలుగుదేశపు పూర్వపు తూకములలో పలము మూడు తులములు. నలువది పలములు వీశె. ఎనిమిది వీశెలు మణుగు. శాస్త్రీయమైన పలము నాలుగు కర్షములు. నేటి ఆయుర్వేదయోగసంగ్రహములు దీనిని 48 గ్రాములుగా గ్రహించినవి. దానిచేత తుల 4.8 కిలోలు. తెలుగుపలమును లెక్కగా గొన్నచో నూఱు పలములు రెండున్నర వీశెలు, అనగా సుమారు 3.5 కిలోలు మాత్రమే. పేరొక్కటే యగుటచేత పూర్వము గృహవైద్యమున బెల్లము నాలుగవవంతునకు మించి తగ్గుటకు అవకాశముండెను. 1956 నాటి తూనికలు కొలతల చట్టము తరువాత మెట్రిక్ మానము వచ్చి వీశెలు పోయినవి. కాని పాత వ్రాతప్రతులలోను, తెలుగుటీకలలోను ‘పలము’ అనుచోట్ల ఏది ఉద్దిష్టమో నేటికిని పరిశీలింపవలసియే యున్నది.

మూడవది ద్రవద్వైగుణ్యము. గుంజ మొదలు కుడవమువఱకు ద్రవ ఆర్ద్ర శుష్కద్రవ్యములకు మానము సమానము. ప్రస్థము మొదలు ద్రవములకును, ఆర్ద్రములకును రెట్టింపు గ్రహింపవలెను. తులకు మాత్రము ఎచ్చటను రెట్టింపు లేదు. ఈ నియమము సంధానమున వర్తించునా, లేదా అనుటయందు వ్యవహారభేదము కలదు. దాని ఫలమును అంకెలలో చూచుట ఉచితము.

రెట్టింపనిచో ద్రోణము 12.288 లీటర్లు. బెల్లము 4.8, తేనె 2.4, మొత్తము 7.2 కిలోలు. వీనియందలి చక్కెర సుమారు 6 కిలోలు. ఇవి కరగినపిమ్మట మిశ్రమము సుమారు 17 లీటర్లగును; నూఱుపాళ్ళలో సుమారు 35 పాళ్ళు చక్కెర. రెట్టించినచో ద్రవము 24.576 లీటర్లు, మిశ్రమము సుమారు 29 1/2 లీటర్లు. చక్కెర సుమారు 20 పాళ్ళు. లీటరునకు సుమారు 17 గ్రాముల చక్కెర పులిసినచో నూటికి ఒకపాలు మద్యాంశము పుట్టునని ఆధునికులు లెక్కింతురు. దానినిబట్టి రెండవ మిశ్రమమున మద్యాంశము 12 పాళ్ళవఱకు ఎదుగుటకు అవకాశము కలదు. మొదటిదానియందు మాధుర్యాతిశయముచేత కిణ్వక్రియ మందగించి, తీపి మిగిలి, సంధానము ఆలస్యమగును. ఇక రెట్టించిన ద్రవమునకు తెలుగుపలములతో తూచిన బెల్లమును, దానిలో సగము తేనెను చేర్చినచో చక్కెర 15–16 పాళ్ళకు దిగి, మద్యాంశము 9 పాళ్ళను మించదు. మూత బంధము సడలినచో అది సులభముగా శుక్తమగును.

ఈ లెక్కనుబట్టి ద్రవద్వైగుణ్యపక్షము సంధానక్రియకు అనుకూలమని తోచుచున్నది. అయినను అశోకారిష్టాది విశేషయోగములందు మూలపాఠము జలమును, గుడమును విడివిడిగా నిర్దేశించినది. నేటి యోగసంగ్రహమున అచ్చట నాలుగు ద్రోణముల జలమును 49.152 లీటర్లుగా, అనగా రెట్టింపక గ్రహించిరి. వైద్యశాల యేదైనను ఒకే పక్షము నాశ్రయించి అన్ని కడవలకును దానినే పాటింపవలెను. ఒక కడవకు రెట్టించి మఱియొక కడవకు రెట్టింపకుండుటయే అసలు దోషము. గణనపుస్తకమున ప్రతి యోగమునకు ఎదుట ఏ మానపక్షమున చేసినదో వ్రాయుట ఇందుకు పరిహారము.

నిలువనియమము

శార్ఙ్గధరుడు ప్రథమఖండమున నిలువకు సంబంధించిన సూత్రములను స్పష్టముగా చెప్పెను. సర్వకార్యములకును నూతనద్రవ్యములనే గ్రహింపవలెను. వాయువిడంగములు, పిప్పళ్ళు, బెల్లము, ధాన్యము, నేయి, తేనె మాత్రము పాతవి శ్రేష్ఠములు. తిప్పతీగ, కొడిసె, అడ్డసరము, బూడిదగుమ్మడి, పిల్లిపీచర, పెన్నేరు మున్నగువానిని ఎల్లపుడు పచ్చివిగానే గ్రహింపవలెను, వానికి రెట్టింపు లేదు. ఓషధులు సంవత్సరమునకు పైబడిన వీర్యహీనములు. చూర్ణము రెండు మాసములకును, గుటికాలేహ్యములు సంవత్సరమునకును, ఘృతతైలములు పదునాఱు మాసములకును హీనములగును. ఆసవములు, ధాతువులు, రసములు పాతబడినకొలదియు గుణవంతములు.

కౌటిల్యుడు కోష్ఠాగారాధ్యక్షప్రకరణమున సరకులో సగము జానపదుల ఆపదలకై నిలిపి, సగము వినియోగించి, పాతదానిని క్రొత్తదానితో మార్చుచుండవలెనని విధించెను. ధాన్యమును ఎత్తైన చోటను, క్షారమును, అనగా బెల్లము మొదలగువానిని, గట్టిగా కట్టిన మూటలలోను, స్నేహద్రవ్యములను మట్టి, కఱ్ఱ పాత్రలలోను, ఉప్పును నేలపైనను నిలువ చేయవలెనని చెప్పెను.

ఈ రెండు నియమములును పరస్పరవిరుద్ధములుగా కన్పట్టవచ్చును. ఒకటి పాతదానిని ముందుగా తీసివేయుమనుచున్నది. మఱియొకటి కొన్నిటిని పాతబడనిమ్మనుచున్నది. విరోధము లేదు, ద్రవ్యవర్గము వేఱు. కావున నిలువలెక్కను ఒకే వరుసలో గాక మూడు వర్గములుగా వ్రాయవలెను. మొదటిది సంవత్సరము దాటరాని ఎండుద్రవ్యములు, రెండు మాసములు దాటరాని చూర్ణములు; వీనియందు ముందు వచ్చినది ముందు పోవలెను. రెండవది పాతబడనిచ్చు గుడ మధు పిప్పల్యాదులు. వీనియందు ఈ యేటి సరకును మఱుచటి యేటికి దాచి, గతసంవత్సరపు సరకును ఈ యేట వాడవలెను. మూడవది నిలువ లేని పచ్చిమూలికలు; సంధానదినము నిర్ణయమైన తరువాతనే వీనిని తెప్పింపవలెను.

దెందులూరు సీమకు అన్వయము

పెదవేగి, దెందులూరు ప్రాంతము ప్రాచీన వేంగీదేశమునకు హృదయస్థానము. దక్షిణమున గోదావరీ కృష్ణా డెల్టాల నడుమ కొల్లేరు విస్తరించి యున్నది. తమ్మిలేరు, బుడమేరు దానిలో కలియగా, ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు చేర్చును. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువనీరు వచ్చినపిమ్మట ఈ సీమ వరికి నిలయమైనది. తాడేపల్లిగూడెము సమీపమున మాధవరమున 1880లో జన్మించిన ఆచంట లక్ష్మీపతి గారు పాశ్చాత్యవైద్యమున పట్టము పొందియు ఆయుర్వేదమునకు జీవితమును అంకితము చేసినవారు. ఇట్టి సీమయందు శాస్త్రనియమములను కాలానుగుణముగా అమర్చుట కష్టము కాదు.

శరత్తున సర్వౌషధసంగ్రహము చేయవలెనని శార్ఙ్గధరుని మతము. ఆశ్వయుజ కార్తికములలో సేకరించి ఆరబెట్టిన ద్రవ్యములు మార్గశీర్షమునకు సిద్ధమగును. సార్వాపంట కోతలై క్రొత్తధాన్యము గాదెలకును, గరిసెలకును చేరుకాలమును అదియే. ఘృతలిప్తమైన భాండమును మూసి, సంధిబంధనము చేసి, ధాన్యరాశియందు మాసముగాని, పక్షముగాని ఉంచుట సంధానవిధి. ధాన్యరాశి చలికాలమున కుండవేడిమిని నిలుపును. నీటిపట్టు మీదనుండు కొల్లేటిసీమలో భూమిలో పాతిపెట్టుటకంటె ధాన్యరాశియే అనుకూలము.

ఉదాహరణమునకు ఒక వైద్యశాల హేమంతమున సామాన్యసూత్రము ననుసరించి ద్రోణప్రమాణముగల మూడు భాండములను చేయదలచినదని గ్రహింతము. బెల్లము మూడు తులలు, 14.4 కిలోలు, తేనె 7.2 కిలోలు, గుడములో పదియవవంతుగా గ్రహించిన ప్రక్షేపద్రవ్యము 1.44 కిలోలు. కౌటిల్యుని అర్ధనియమమును పాటించినచో బెల్లము 28.8 కిలోలు నిలువయుండి, సగము మాత్రమే వాడవలెను. ఈ బెల్లము గతసంవత్సరపుది. వర్షర్తువున ఈ సీమ చెమ్మకు బెల్లము నీరుకారుట సహజము గనుక, శ్రావణ భాద్రపదములలో మరల తూచి తఱుగును వ్రాయవలెను. మాఘ ఫాల్గునములలో క్రొత్తబెల్లము కొని తఱుగును, వాడుకను పూరింపవలెను. ధాతకీపుష్పము, అనగా ఆరెపువ్వు, కిణ్వబీజములను మోసికొనివచ్చు ద్రవ్యము. అది సంవత్సరము దాటినచో తక్కిన పాళ్ళన్నియు సరిగా నున్నను సంధానము మొదలు కాకపోవచ్చును. అన్నిటికంటె తక్కువ తూకముగల ద్రవ్యములలో ఒకటి లోపించినను మొత్తము కడవ వ్యర్థమగును. కావున నిలువలెక్క తూకపుటాధిక్యమునుబట్టి గాక, అనివార్యతనుబట్టి వ్రాయవలెను.

కడవ మూసిన తరువాతి పరిశీలనమును పుస్తకమున చేర్చవలెను. క్రియ జరుగుచుండగా బుడగల సవ్వడి వినవచ్చును, వెలిగించిన పుల్ల మూతికడ ఆరిపోవును. క్రియ ముగిసినపుడు సవ్వడి ఆగును, పుల్ల ఆరదు, ద్రవ్యములు అడుగునకు దిగును. మూసిన తిథి, తెఱచిన తిథి, వడపోసిన పరిమాణము వ్రాసినచో మఱుచటి యేటి అంచనాకు అదియే ప్రమాణము.

గణనపుస్తకస్వరూపము

అక్షపటలప్రకరణమున కౌటిల్యుడు ఆయము, వ్యయము, నీవి అను మూడు అంగములను చెప్పి, దినము, పంచరాత్రము, పక్షము, మాసము, చాతుర్మాస్యము, సంవత్సరము చొప్పున సరిచూడవలెనని నియమించెను. కర్మసంవత్సరము 354 అహోరాత్రములు, ఆషాఢపూర్ణిమతో ముగియును. సంధానశాలకు ఈ ముగింపు మిక్కిలి యుక్తము. హేమంతపు కడవలు అప్పటికి వడపోయబడి యుండును. శరత్తున సేకరింపవలసినవి ఇంకను రాకుండును. నిలువ కనిష్ఠస్థితిలో నుండును. ఆనాడు తూచి వ్రాసిన నీవియే రాబోవు సంవత్సరపు ఆరంభము.

మానపరిభాషాధ్యాయమును విద్యార్థులచే కంఠస్థము చేయించుట పాఠశాలలయందు నేటికిని కలదు. అంతటితో ఆగక ఒక కుడవపాత్రను ఎదుట నుంచి కొలిపించుట అవసరము. నాలుగంగుళముల వెడల్పు, నాలుగంగుళముల ఎత్తుగల మృత్పాత్రయో, వేణుపాత్రయో కుడవమని శార్ఙ్గధరుడే చెప్పియున్నాడు. మన సోల, మానిక, కుంచముల క్రమమును నాలుగేసి రెట్లదే: నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచము. కుడవప్రస్థాఢకముల క్రమమును తెలుగు విద్యార్థికి ఈ వరుసతో పోల్చి చూపినచో అది చేతికి అందును. ద్రవద్వైగుణ్యము, పలభేదము, త్రిభాగాధికపదార్థము అప్పుడు పరీక్షాప్రశ్నలుగా మాత్రమే మిగులక, ఒక కడవ నిలుచుటకో చెడుటకో కారణములుగా బోధపడును.